ముద్దలకి జామీను

ఈ రోజు

ఆగిపోయిందండీ! మా అమ్మాయి చక్రవేణి కంట్లో మసక ఆగిపోయింది! ఆపిన మందు ఎవరు కనిపెట్టారనుకున్నారు, మా చక్రవేణే!

అక్షరాలు వంకర పోతున్నాయి, ఏమీ అనుకోకండి. జబ్బేం కాదు, సంతోషం. పొద్దున్నించి ముగ్గుర్ని కావలించుకున్నాను. అందులో ఒకాయన ఎవరో కూడా నాకు తెలీదు, నీళ్ళ పీపా దొర్లించుకుంటూ పోతున్నాడు పాపం, పట్టేసుకున్నాను.

నా పేరు కొప్పిశెట్టి నూకరాజు. చదివింది ఐదో తరగతి. నీళ్ళ మధ్య మిగిలిన ఈ మెరక మీద ముద్దలగదిలో పళ్ళేలకి కాపలా ఉంటాను. పళ్ళేనికో పేజీ రాయటం నా డ్యూటీ. చుట్టాలందరికీ విడివిడిగా ఉత్తరాలు రాయాలంటే ఈ జన్మకి తెమలదు. అందుకని ఆ పేజీలే వరసగా దించి పోస్టు పడవలో పంపుతున్నాను. ఎప్పుడేం రాశానో అదే దించాను, తప్పులతో సహా. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

పళ్ళెం 41

పైకప్పు గుడ్డ మీద పేరుకున్న ఉప్పు దులిపాను. చేతులు మూడుసార్లు కడిగి తొడుగులు వేసుకుని పళ్ళెం తీసి వెలుతురులో పెట్టాను. తొంభై ఆరు గుంతలూ పాలు పోసినట్టు తెల్లగా ఉన్నాయి. అంటే మందు లేదు.

తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. పళ్ళెం అరచెయ్యంత ఉంటుంది. పొంగణాల పెనం లాంటిదే, కాకపోతే ఒక్కో గుంతలో రెండు మూడు చుక్కలే పడతాయి. అడ్డంగా పన్నెండు గుంతలు, నిలువునా ఎనిమిది. ప్రతి గుంతలోనూ కంటి కణాల చుక్క ఒకటి, మసక రోగి రక్తంలో తేట చుక్క ఒకటి వేస్తాం. అలా వదిలేస్తే మూడు రోజుల్లో గుంత తెల్లబడిపోతుంది. రోగి కన్ను తెల్లబడటానికి ఏడాది పడుతుంది, ఇక్కడ మూడు రోజులు, అంతే తేడా. అందులో మా ముద్దల రసం ఒక చుక్క వేసి చూస్తాం. ఏ గుంత కొబ్బరినీళ్ళలా తేటగా మిగిలితే ఆ ముద్దలో మందున్నట్టు. పూర్వం ఒక్క ఆకు సంగతి తేల్చటానికి బుట్టలకి బుట్టలు కోసి నెలల తరబడి మరిగించేవారట. ఇప్పుడు మూడు రోజులకి తొంభై ఆరు సంగతులు తేలిపోతున్నాయి. తేలటమైతే తేలుతున్నాయి, అన్నీ లేదనే.

ముద్దలంటే మొక్కలే. సముద్రం మా ఊరు కడియం మీదకి వచ్చినప్పుడు పడవల్లో మనుషులకే చోటు లేదు, మొక్కలకెవరిస్తారు? అప్పుడు చక్రవేణి చదువుకుంటోంది. గోరంత ఆకుముక్కలు కోసి నాలుగొందల పన్నెండు సీసాల్లో పెట్టి ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఇప్పుడు వాటికి వేరు లేదు, ఆకు లేదు, పువ్వు లేదు. పంచదార నీళ్ళు తాగి పెరుగుతాయి, నానబెట్టిన అటుకుల్లా ఉంటాయి. కడియం నర్సరీలో ముప్ఫై ఏళ్ళు అంట్లు కట్టినవాణ్ణి నేను. కళ్ళు మూసుకుని ఆకు తడిమితే పేరు చెప్పేసేవాణ్ణి. ఇప్పుడు సీసా మీద చీటీ చదివితే గాని ఏది సంపెంగో ఏది జిల్లేడో తెలీదు. ఒక్కోసారి మూత దగ్గర ముక్కు పెట్టి చూస్తాను. అన్నీ ఒకే వాసన, పాకం వాసన. తడిసిన మట్టి వాసన పీల్చి పదకొండేళ్ళయింది.

ఈ రోజు ఇంకో సంగతి జరిగింది. రాయాలా వద్దా అని చాలాసేపు చూసి రాస్తున్నాను.

“ఏదైనా తేటగా ఉందా నాన్నా?” అని వేణి అడిగింది.

“నీ ముందే ఉంది కదే పళ్ళెం.”

“నువ్వు చూసి చెప్పు.”

గడ్డం పట్టుకుని మొహం వెలుతురువైపు తిప్పాను. నల్లగుడ్డు చుట్టూ తెల్ల అంచు, అప్పుడే చాలా లోపలికి పాకింది.

“ఎప్పట్నించే?”

“ముప్ఫై మూడో పళ్ళెం నించి,” అంది. మా ఇద్దరికీ తారీకులు గుర్తుండవు.

కంటి కణాలు ఇంక నాలుగు పళ్ళేలకే వస్తాయి. పడవ మళ్ళీ తెచ్చేది వచ్చే ఏడు. దాని కళ్ళకి అంత గడువు లేదు.

పళ్ళెం 42, ఇంకా నింపలేదు

గెద్దాడ బుల్లిరాజు నాతోపాటు ఇక్కడే సీసాలు కడుగుతాడు. కడియంలో మా నర్సరీ లారీ నడిపేవాడు. వరసకి బావ, నోటికి అడ్డూ ఆపూ లేదు.

“బావా, నీ కూతురు ఈ ముద్దల్ని కొత్తల్లుళ్ళని మేపినట్టు మేపుతోంది,” అన్నాడు ఇవాళ. “వేళకి పంచదార నీళ్ళు, వేళకి చల్లగాలి. తిని కూర్చుంటున్నాయి గాని పని చేస్తున్నాయా?”

నాకు మా పెరట్లో పనసచెట్టు గుర్తొచ్చింది. ఏనుగులా పెరిగింది గాని ఒక్క కాయ కాయలేదు. ఒకరోజు పొద్దున్నే గొడ్డలి భుజాన వేసుకుని దాని ముందు నిలబడ్డాను. “ఏమే, ఈ ఏడైనా కాస్తావా, నరికెయ్యనా?” అని అరిచాను. అలా అరిచినప్పుడు ఇంకొకళ్ళు అడ్డమొచ్చి చెట్టుకి జామీను ఉండాలి, అదీ పద్ధతి. మా ఆవిడ పాపాయమ్మ అప్పుడు సంచుల్లో మట్టి నింపుతోంది. ఆవిడ చెయ్యి ఎలా ఆడేదనుకున్నారు, నేను ఒక అంటు కట్టేలోపు ఇరవై సంచులు నింపేసేది. ఆ మట్టిచేతులతోనే పరిగెత్తుకొచ్చి గొడ్డలి పట్టుకుంది. ఎదురింటివాళ్ళు నిజమైన కొట్లాటే అనుకుని వచ్చేశారు.

అది గుర్తొచ్చి, ముద్దలు కోసే చిన్న కత్తి తీసి సీసాల బీరువా ముందు నిలబడ్డాను. “ఏమర్రా, కాస్తారా నరకనా?” అన్నాను. “బావా, జామీను ఉండు.”

“నేనుండను. నలభై ఒక్క పళ్ళేలు ఎగ్గొట్టిన మొహాలు అవి. వాటికి జామీనుంటే వాటితోపాటు నన్నూ నరుకుతావు.”

లోపల్నించి వేణి నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. తడుముకుంటూ వచ్చి నా మణికట్టు పట్టుకుని అచ్చం వాళ్ళమ్మ గొంతుతో అంది: “ఆగవయ్యో, ఆగు! ఈ ఒక్క ఏడూ వదిలెయ్యి. కాయకపోతే నన్నడుగు!”

ఆ రోజుకి దానికి ఐదేళ్ళు. గుమ్మంలో నిలబడి చూసింది. మాట పొల్లుపోకుండా గుర్తుంది తల్లికి.

నేను కళ్ళు తుడుచుకుంటుంటే అది మాత్రం నా చెయ్యి వదల్లేదు. “నాన్నా, చెట్టుని ఉత్తినే బెదిరించేవాడివా, ఏమైనా చేసేవాడివా?”

“ఉత్తినే ఎలా? గొడ్డలి వెనకవైపుతో నాలుగు దెబ్బలు, మొదలు మీద ఒక గాటు. మామిడికైతే పూతకి ముందు నీళ్ళు మానేసేవాళ్ళం. సుఖంగా ఉన్న చెట్టు ఆకులేస్తుంది గాని కాయదు.”

“సుఖంగా...” అని కూర్చుండిపోయింది. “మందు చెట్టు మనకోసం చెయ్యదు నాన్నా. పురుగు కొరికితే, ఎండ కొడితే, తనని తాను కాపాడుకోటానికి చేసుకుంటుంది. నేను వీటికి ఏ కష్టమూ రానివ్వలేదు.” తర్వాత బుల్లిరాజు వైపు తిరిగి, “మావయ్యా, నువ్వన్నదే నిజం. మేపాను,” అంది.

“నేనెప్పుడూ నిజమే అంటాను, వినేవాళ్ళు లేరు,” అన్నాడు వాడు.

పళ్ళెం 42

ఒక్కో ముద్దని కుంకుడుగింజంత ముక్కలు నాలుగు చేయించి ఒక్కోదానికి ఒక్కో బెదిరింపు పెట్టింది. మొదటిదానికి సూదితో గాట్లు. రెండోదానికి చలి. మూడోదానికి చచ్చిన బూజు కలిపిన నీళ్ళు. నాలుగోదానికి దాహం, అంటే పంచదార నీళ్ళు ఆపెయ్యటం. అలా పళ్ళేనికి ఇరవై నాలుగు ముద్దలు పడతాయి. ఏ ఇరవై నాలుగో పుస్తకాల్లోంచి అదే ఎంచింది. పుస్తకం నేను చదివాను, అది వింది. ఒక్కో పేజీకి నాకు చెమటలు పట్టాయి.

మూడో రోజుకి అన్నీ తెల్లబడ్డాయి. కాని కొన్ని ఒక పూట ఆలస్యంగా తెల్లబడ్డాయి! ఒక పూట! బుల్లిరాజు పెదవి విరిచాడు గాని వేణి నా భుజం మీద కొట్టి, “దారి ఇదే నాన్నా” అంది.

పళ్ళెం 43

ఈసారి పుస్తకం వద్దంది. “నీకు తెలిసిన మొండి మొక్కలు చెప్పు,” అంది.

పొద్దున్నించి సాయంత్రం దాకా చెప్పాను. అబ్బ, ఏం రోజండీ! నర్సరీ మొత్తం మళ్ళీ కాళ్ళతో తిరిగినట్టయింది. కాలవ గట్టు మీద కనకాంబరాల మడులు, నల్ల సంచుల వరసలు, లారీకెత్తేటప్పుడు మొక్కల మీద చల్లే నీళ్ళు. కంచె తెగి మేకలు పడ్డ రోజు సంగతి కూడా చెప్పాను. అవి ఏం తిన్నాయో కాదు, ఏం వదిలేశాయో చూసుకోమనేవాడు మా పాత మేస్త్రీ. దొంగమల్లి అని ఒక కలుపు మొక్క ఉండేది. మేం మంచి మొక్కకి పోసిన నీళ్ళు అది తాగేసేది, అందుకే ఆ పేరు. తడి ఉన్నప్పుడు మేక దాన్ని వేళ్ళతో సహా నమిలేసేది. అదే వేసవిలో నీళ్ళు లేక వాడిందంటే మూతి కూడా పెట్టేది కాదు.

“అదీ తెచ్చానా నేను?” అంది వేణి.

“రెండొందల ఏడో సీసా. సంపెంగ సంచిలో మొలిచుంటే పొరపాటున కోశావు.”

పళ్ళెంలో ఒక్కో నిలువు వరసలో పై నాలుగు గుంతలూ ఒక ముద్దకి, కింది నాలుగూ ఇంకో ముద్దకి. బెదిరింపులు అదే క్రమం: గాటు, చలి, బూజు, దాహం. గుంతలకి నిలువునా క నించి, ఙ వదిలేసి, ఎనిమిది అక్షరాల పేర్లు, అడ్డంగా అంకెలు. దొంగమల్లికి ఏడో నిలువు వరసలో కింది నాలుగూ ఇచ్చింది.

మూడో రోజు. ఒక గుంత తేటగా ఉంది. ఒకటి! అద్దంలా ఉంది! పళ్ళెం పట్టుకుని కేకేశాను.

“ఏది నాన్నా? ఏ గుంత?”

“జ ఏడు! జ ఏడు తల్లీ!”

“దొంగమల్లి, బూజు నీళ్ళు,” అని వేణి గట్టిగా చెప్పి రాయించింది. బుల్లిరాజు సీసాలు కడిగే కుంచె పట్టుకుని గదంతా చిందులేశాడు.

పళ్ళెం 44

మొత్తం పళ్ళెం దొంగమల్లికే ఇచ్చాం. బూజు నీళ్ళు పెట్టిన ముద్దల రసం, ఎక్కువా తక్కువా కొలతల్లో.

తొంభై ఆరూ తెల్లగా ఉన్నాయి.

ఇంక ఒక్క పళ్ళేనికే కణాలున్నాయి. వేణి ఏడవలేదు. తలొంచుకుని అడిగింది: “నాన్నా, నిజం చెప్పు. ఆ రోజు నిజంగా తేటగా కనిపించిందా? నాకోసం అలా అన్నావా?”

“మీ అమ్మ మీద ఒట్టే. నా బొటనవేలు పక్కనే ఉంది. పళ్ళెం అంచు పట్టుకున్నాను కదా, ఆ అంచుకి ఆనుకుని.”

“అంచుకి ఆనుకునా?” తలెత్తింది. “జ అంచున ఉండదు నాన్నా. దాని కింద ఇంకో వరసుంది.”

“ఏం వరస? జ కింద జ.”

బుల్లిరాజు చేతిలో సీసా కింద పెట్టేశాడు. “ఓరి నీ! ఒత్తు జ బావా! మామూలు జా, ఒత్తు జా?”

“ఒత్తుదే. చివర్న ఉండేది ఒత్తుదే కదా.”

“మరి ఒత్తి చెప్పలేదేం?”

“ఒత్తే చెప్పాను!”

“ఏదీ, ఇప్పుడు చెప్పు.”

“జ,” అన్నాను.

వాడు నేల మీద కూలబడి నవ్వటం మొదలుపెట్టాడు. “చిన్నప్పుడు పంతులుగారు నీ చెవి మెలేసింది దీనికే! ఇన్నాళ్ళకి ఆయన పగ తీరింది!”

ఏం చెయ్యనండీ, ఒత్తులు నా నోట పలకవు. మా ఇంట్లో ఎవరికీ పలికేవి కావు. పైన పేజీలో చూడండి, పలికినట్టే జ అని రాశాను కూడా. చూపు బాగున్నప్పుడైతే వేణి చూసుకునేది. ఇప్పుడు నా నోరే దాని కళ్ళు. ఆ నోటితో తప్పు చెప్పి ఒక పళ్ళెం తగలేశాను. గోడకి తల కొట్టుకోబోతే వేణి పట్టుకుంది.

“కొట్టుకోకు నాన్నా. ఆ వరస ఏమిటో చెప్పు ముందు. గాటు, చలి, బూజు తర్వాత?”

“దాహం,” అన్నాను. మేక ఎప్పుడు వదిలేసేది దొంగమల్లిని? నీళ్ళు లేక వాడినప్పుడు. నా నోటితో నేనే చెప్పి, నేనే మర్చిపోయాను.

పళ్ళెం 45

రెండొందల ఏడో సీసా ముద్దలకి రెండు రోజులు పంచదార నీళ్ళు ఆపాం. అవి గోధుమరంగుకి తిరిగాయి. చూస్తుంటే నాకే నోరెండిపోయింది. నర్సరీలో ఎవరైనా మొక్కకి నీళ్ళు పొయ్యటం మర్చిపోతే తిట్టేవాణ్ణి నేను. “ఇంకొక్క రోజే, ఓర్చుకోండమ్మా” అని సీసాతో చెప్తుంటే బుల్లిరాజు విని, ఈసారి వెక్కిరించలేదు.

కింది వరసలో కావాలనే రసం వెయ్యలేదు. అది తెల్లబడాలి, మిగతావి తేటగా నిలబడాలి. అప్పుడే రసం మహిమ అని తేలుతుంది.

మూడో రోజు పొద్దున్న. వేణి కుర్చీలో కూర్చుంది. ఎదురుగా బుల్లిరాజుని కూర్చోబెట్టింది, వాడికి ఒత్తులు పలుకుతాయి కాబట్టి. నేను వేలితో చూపించాలి, వాడు అక్షరం చెప్పాలి, నేను రంగు చెప్పాలి.

“క ఒకటి.” తేట.

“క రెండు.” తేట.

నిదానంగా వెళ్ళాం. పూర్వం లారీకి మొక్కలెత్తేటప్పుడు నేను ఇలాగే ఒక్కో సంచీ ముట్టుకుని పేరు చెప్పేవాణ్ణి, పాపాయమ్మ అవునవును అనుకుంటూ వచ్చేది. తేట. తేట. తేట. జ వరస కూడా అయిపోయింది. చివరి వరస దగ్గర బుల్లిరాజు గట్టిగా గాలి పీల్చి, “ఝ ఒకటి!” అని గదిలో సీసాలు మోగేలా ఒత్తాడు.

“తెలుపు,” అన్నాను.

పన్నెండూ తెలుపే. మిగతా ఎనభై నాలుగూ తేటే.

వేణి చెయ్యి చాపి గాల్లో వెతికింది. పళ్ళెం అందించాను. దాని మీద వేళ్ళు పెట్టింది. అప్పుడేడ్చింది. ముగ్గురం ఏడ్చాం.

పళ్ళేలు అయిపోయాక

రసం వడగట్టి, శుభ్రం చేసి, కంటి చుక్కలు చెయ్యటానికి నెల పట్టింది. రెండో మెరక నించి కంటి డాక్టరమ్మ వచ్చింది. ముందు జబ్బు లేని కంట్లో వేసి చూడాలి, మంట పుట్టకుండా, వాపు రాకుండా ఉంటేనే రోగులకి ఇస్తానంది. నేను లేచేలోపే బుల్లిరాజు వెళ్ళి బల్ల మీద పడుకున్నాడు.

“మావయ్యా, నువ్వెందుకు?” అంది వేణి.

“ఆ రోజు ముద్దలకి జామీను ఉండనన్నాను కదమ్మా. మనసులో పెట్టుకుంటాయి. పొయ్యండి.”

పది రోజులు చూశారు. వాడి కంటికి ఏమీ కాలేదు, నోరు మాత్రం ఇంకా పెద్దదైంది. తర్వాత తొమ్మిదిమంది రోగులకి మొదలుపెట్టారు. వేణి తొమ్మిదోది, తన వంతు చివర్న పెట్టుకుంది. రోజుకి మూడుసార్లు నేనే వేశాను. చుక్క పడగానే చిన్నప్పటిలాగే మొహం చిట్లించేది.

ఈ రోజు, మిగతాది

ఇవాళ డాక్టరమ్మ మూడోసారి కొలిచింది. తొమ్మిదిమందిలో ఏడుగురికి మసక పెరగటం ఆగిపోయింది. మిగిలిన ఇద్దరికీ నెమ్మదించింది. వేణి కంట్లో తెల్ల అంచు మూడు నెలలుగా వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఉన్న చూపు ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పెద్ద అక్షరాలు పోల్చుకోగలదు, బాగా దగ్గరికొస్తే మనుషుల్ని మొహం చూసి గుర్తుపట్టగలదు. పోయింది తిరిగి రాదు, ఉన్నది పోదు, అంది డాక్టరమ్మ. నాకంతే చాలు. నాకంతే చాలండీ!

వేణి బయటికొచ్చి నా మొహం దగ్గరికి మొహం పెట్టి చూసి, “గడ్డం గీసుకో నాన్నా, అసహ్యంగా ఉన్నావు,” అంది. గడ్డం కనిపించింది దానికి! ఆ మాటకే నేను ఆ నీళ్ళ పీపా ఆయన్ని కావలించుకున్నది.

ఈ సంగతి చెప్పవలసినవాళ్ళు:

మా పెద్ద బావమరిది అప్పలస్వామి, రెండో మెరక. ఆడపిల్లకి సీసాలెందుకు, పడవలో బియ్యం బస్తా పడుతుంది కదా అన్నాడు ఆ రోజు. ఆయనకి రెండుసార్లు చదివి వినిపించాలి.

మా తమ్ముడు గోవిందు, వాడి భార్య, వాడి ముగ్గురు కూతుళ్ళు. పెద్దమ్మాయికి మసక మొదలైందని విన్నాను. చుక్కల సీసా ఇదే పడవలో వస్తోంది, వెంటనే మొదలుపెట్టండి.

పాపాయమ్మ చెల్లెలు సీతారత్నం. గట్టిగా చెప్పండి, చెవులు వినపడవు.

బుల్లిరాజు కొడుకు, కోడలు. వాళ్ళ నాన్న తన గొప్ప తనే రాస్తాడు, అందులో సగం నమ్మితే చాలు.

మా అత్తగారి తరఫున మల్లిపూడివాళ్ళు, ఎవరు మిగిలుంటే వాళ్ళకి.

మా అక్క సింహాచలం. ఆవిడకి ఎవరూ చెప్పొద్దు, ఈ కాగితాలు చదివి వినిపించొద్దు. ఆరేళ్ళ కిందటే రెండు కళ్ళూ పూర్తిగా పోయాయి, ఈ మందు ఆవిడకి పనికిరాదు. ఆవిడకి నేనే పడవెక్కి వెళ్ళి, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్తాను. ముందు వేణి సంగతే చెప్తాను. ఆవిడ ముందు అడిగేది కూడా అదే.